ఒక్కరూ కింద పడని ఇల్లు

కర్నూలును ఆనుకొని ఉన్న కల్లూరులో 'నిశ్చింత' అనే వృద్ధుల సంరక్షణ నిలయం ఉంది. ఈ ఏడాది మొత్తం మీద ఆ నిలయంలో ఒక్క ముసలి ప్రాణి కూడా కింద పడలేదని పాఠకులకు సవినయంగా మనవి. మన సీమలో పడకపోవడం వానకు అలవాటే గానీ, మనుషులకు ఆ అలవాటు నేర్పిన ఘనత మాత్రం నిశ్చింతదే. గేటు మీద పెద్ద బోర్డు కూడా పెట్టారు: "మీ అమ్మ ఇక్కడ పడదు." షేర్ ఆటోల్లో పోయేవాళ్లు ఆ బోర్డు చదివి, ఇంట్లో ఉన్న అమ్మలను తలుచుకొని నిట్టూరుస్తుంటారు.

ఇందులో మంత్రాలూ మాయలూ ఏమీ లేవు. అక్కడ ఎవరినీ నిలబడనివ్వరు. నిలబడని మనిషి పడడు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లుగా పెద్ద పెద్ద డాక్టర్లకు తట్టలేదంటే, చదువు వేరు, బుద్ధి వేరు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ బుద్ధి పుట్టడానికి కారణం నేల. యజమాని నాగార్జున గారికి బేతంచెర్ల దగ్గర బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. బండలతో వేగినవాడికి ముసలివాళ్లతో వేగడం ఒక లెక్కా అని ఆయన ఈ రంగంలోకి దిగారు. తన ఫ్యాక్టరీలో ఏరిన మేలు బండలను తెచ్చి హాల్లో, వరండాలో, గదుల్లో, ఆఖరికి స్నానాల గదుల్లో కూడా పరిపించారు. వంగి చూస్తే ముఖం కనిపిస్తుంది; బొట్టు సరిచేసుకోవచ్చు. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్లందరూ ముసలివాళ్ల మాట మరిచి నేలనే పొగిడారు. ఆ పొగడ్తలు చల్లారకముందే ఆ నేల ఒక రిటైర్డ్ తహసీల్దారు తుంటిని, ఒక పురోహితుడి మోచేతిని, వంటమనిషి ముందు పళ్లను పుచ్చుకుంది.

గరుకు బండలు వేయించమని ఎవరో సలహా ఇచ్చారు. పోనీ, చాపలైనా పరచమన్నారు. నాగార్జున గారి మనసు చివుక్కుమంది. "ఏమప్పా, ఇది ఫారిన్‌కు పోయే బండ. దీని మీద చాప పరిస్తే బండకెంత అవమానం!" అన్నారు. విచారణ జరిగింది. నేల నిర్దోషి అని తేలింది. శిక్ష కాళ్లకు వేశారు.

ఆ శిక్ష అమలు చేయడానికి, బెంగళూరులో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివొచ్చిన ప్రణీతను 'భద్రత, నాణ్యతల అధికారిణి'గా నియమించారు. ప్రణీత చెడ్డ పిల్ల కాదు. పగలంతా పరుగులు తీస్తుంది, ముసలివాళ్లను 'బంగారం' అని పిలుస్తుంది. ఏదో విదేశీ ప్రమాణాల పుస్తకం తిరగేసి, పడటం అంటే ఏమిటో పట్టుకుంది: 'నివాసి అనుకోకుండా నేలను చేరడం.' అయితే ముసలివాళ్లు ఏమనుకున్నారో, ఏమనుకోలేదో ఎవరు చూడొచ్చారు? అందుకని 'అనుకోకుండా' అన్న మాట కొట్టేసింది. మిగిలింది సూటిగా ఉంది. నివాసి నేలను చేరితే పడినట్టే.

అన్నం తినాలన్నా, ఆకు నమలాలన్నా, నడుం వాల్చాలన్నా, దేవుణ్ణి తలవాలన్నా నేలనే నమ్ముకున్న జనం మనం. నిబంధన వచ్చిన రోజు ప్రణీత రౌండ్స్‌కు బయలుదేరితే నిలయంలో సగం మంది పడిపోయి ఉన్నారు. కింద కూర్చొని తల దువ్వుకుంటున్న గంగాదేవి పడింది. కంచాలు కింద పెట్టుకొని సంగటి తింటున్న ఇద్దరు రైతులు పడ్డారు, పడి కూడా ఇంకో ముద్ద అడుగుతున్నారు. రిటైర్డ్ బస్సు కండక్టరు ఖాదర్ సాబ్ అయితే కాళ్లూ చేతులూ కడుక్కొని, చాప పరుచుకొని, పడమటి దిక్కుకు తిరిగి మరీ పడుతున్నాడు. ఇంతమంది ఇంత ప్రశాంతంగా పడి ఉండటం చూసి ప్రణీతకు గుండె ఆగినంత పనైంది. ఆ పూట నుంచి నేల నిషిద్ధ ప్రాంతం.

నిషేధం అనగానే కఠినంగా ఉంటుందనుకోకండి. నిశ్చింతలో కఠినమైన మాట ఒక్కటి వినబడితే ఒట్టు. అందరికీ చక్రాల కుర్చీలు ఇచ్చారు. కుర్చీకి నడుము దగ్గర మెత్తని పట్టీ ఉంటుంది. దాని పేరు 'ఆప్యాయత పట్టీ'. కట్టేయడం అన్నారంటే ఆయాలకు చీవాట్లు, హత్తుకోవడం అనాలి. "గంగాదేవిని హత్తుకున్నావా?" అని ప్రణీత అడిగితే, "హత్తుకున్నా మేడం, బకెల్ కూడా బిగించినా" అని ఆయా జవాబు. చెప్పులుంటే కాళ్లకు దురాలోచనలు పుడతాయి కనుక చెప్పులన్నీ ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. చేతికర్రలు స్టోరుకు పోయాయి. బాత్రూముకు పోవాలన్న కోరికను డైపర్లతో తీర్చారు. కాళ్లకు వ్యాయామం ఉండాలని డాక్టర్లు అంటారు గనక, సాయంత్రం అందరినీ హాల్లో చేర్చి, ఎవరో పార్కులో నడుస్తున్న వీడియో టీవీలో చూపిస్తారు. దాన్ని 'నడక వీక్షణం' అంటారు. చూసి చూసి ఒకరిద్దరికి ఆయాసం కూడా వచ్చింది. వీడియో అంత నాణ్యమైనది.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. ఇలాంటి చోటికి నడవాలన్న కోరికతో రాహేలమ్మ వచ్చింది.

రాహేలమ్మది కోసిగి పక్కన ఒక పల్లె. ఆ పల్లెకు వాన రావడం అనుమానం గానీ వలస రావడం ఖాయం. క్రిస్మస్ కాగానే ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లందరూ పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, మిరపకాయల కోతకు గుంటూరు వైపు బస్సెక్కుతారు. వయసులో ఉన్నప్పుడు రాహేలమ్మా అలా పోయిన మనిషే. డెబ్బై దాటిన ఇప్పుడు ఆమె పొయ్యి మీద వీధిలో పిల్లలందరికీ సంగటి ఉడుకుతుంది. అలాంటిది, కూతుర్ని చూడటానికి కల్లూరు వచ్చి ఆటో దిగుతూ చీలమండ విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన డాక్టరు, "రోజూ నడవాలమ్మా, లేకుంటే కాలు బిగుసుకుపోతుంది" అన్నాడు. ఆ మాటే ఆమె కొంప ముంచింది.

కూతురు దీవెన ప్రైవేటు స్కూల్లో టీచరు. అల్లుడికి నంద్యాలలో ఉద్యోగం. ఇల్లేమో రెండో అంతస్తులో, పగలంతా తాళం పడి ఉంటుంది. మంచి పిల్ల గనుక, అమ్మకు మళ్లీ నడక నేర్పే చోటు కోసం వెతికింది. గేటు మీది బోర్డు చూసి కరిగిపోయింది.

"నీ కాళ్ల మీద నువ్వు నాలుగడుగులు వెయ్యి మా, ఆ పొద్దే ఊరికి పిలుచుకోని పోతా," అని మాట ఇచ్చింది. "వెయ్యలేకపోతే మాత్రం ఇంక ఈడనే. ఊర్లో ఆ ఇంట్లో నువ్వు ఒక్కదానివే యాడ పడి ఉండావో అని నేను నిద్రపోలేను."

"నాలుగేంది పాపా, చర్చి దాకా నడుస్తా చూడు," అంది రాహేలమ్మ.

పాపం, నడవాలంటే ముందు నిలబడాలనీ, నిలబడటం నిశ్చింతలో నేరమనీ ఆ తల్లీకూతుళ్లకు అప్పటికి తెలియదు.

ఆదివారం దీవెన చూడటానికి వచ్చేసరికి అమ్మ పౌడరు పూసుకొని, నున్నగా తల దువ్వించుకొని, కొత్త మేజోళ్లతో కుర్చీలో కళకళలాడుతూ ఉంది. ఒంటి మీద ఒక్క గీత లేదు. దీవెన కళ్లు చెమర్చాయి.

"ఎంత శుభ్రంగా ఉండావు మా!"

"శుభ్రానికేం, శానా శుభ్రం. లేసి నిలబడనీరు పాపా. నాకు కాళ్లు ఉండాయో లేదో నాకే తెలీకుండా పోతాండాది."

"పడతావని వాళ్ల భయం మా."

"పడితే లేస్తా. ఇన్నేండ్లు చేసింది అదే కదా!"

దీవెన నవ్వింది. ముసలివాళ్లు ఏదైనా అడిగితే ముద్దుగా నవ్వడం ఈ కాలపు మర్యాద. పోతూ పోతూ ప్రణీతతో, "మా అమ్మ కొంచెం మొండిది, జాగ్రత్త మేడం" అని చెప్పింది. ఆ సాయంత్రం రాహేలమ్మ పట్టీని ఇంకో రంధ్రం బిగించారు.

రాహేలమ్మకు మరో చెడ్డ అలవాటు కూడా ఉంది. తెల్లవారగానే మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంది. పక్కబట్టలు మార్చేటప్పుడు ఆయా శివలీల పట్టీ విప్పుతుంది గదా, ఆ సందు చూసుకొని ఒకనాడు, "మంచం పట్టుకోని దిగుతా తల్లీ, రొండు మాటలు చెప్పుకోని లేస్తా" అని బతిమాలింది.

"మేడం చూస్తే నా పని పోతాది అవ్వా."

"నీ పని పోకూడదని కూడా ప్రార్థనలో చెప్తాలే."

వరండా నిండా మంచాలున్న వార్డుకు ఒక్కతే ఆయా. వాదించే ఓపిక లేక శివలీల తల తిప్పుకుంది. రాహేలమ్మ మోకరిల్లింది. నిజం చెప్పొద్దూ, అందులో స్వామికార్యంతో పాటు స్వకార్యం కూడా ఉంది. మోకాళ్ల మీది నుంచి సొంతంగా లేవగలిగితే కాలికి బలం వచ్చినట్టే గదా! మొదటి పొద్దు మంచం కోడు పట్టుకొని లేచింది. ఎంత సంబరపడిందో చెప్పలేం. మరునాడు ప్రణీత ముందే వచ్చింది.

"మనిషి పడింది!"

గంట మోగింది. ఆరుగురు ఉరికొచ్చారు. రాహేలమ్మ 'ఆమేన్' అనేలోపు ఒకరు జబ్బ పట్టుకున్నారు, ఒకరు నడుము పట్టుకున్నారు, తొందరలో ఒకరు కొప్పు కూడా పట్టుకున్నారు. అందరూ కలిసి ఎత్తి కుర్చీలో వేసేసరికి ఆమె కుడి భుజం పట్టు తప్పింది. చెయ్యి మొత్తం బూరెలా వాచింది. అయితే అది గాయం కిందికి రాదు. పడటం వల్ల కలిగింది కాదు గదా! 'ఆదుకోవడం వల్ల కలిగిన అసౌకర్యం' అన్నారు. ఆమేన్ అనకముందే ఎత్తేశారు కాబట్టి ఆమె నేలను చేరినట్టు కూడా కాదని, చేరబోయిందని మాత్రమే తీర్మానించారు. బోర్డు దింపే పని తప్పింది.

అయినా ప్రార్థన సమస్య మిగిలింది. మతస్వేచ్ఛకు భంగం కలిగిందన్న మాట రాకూడదని నాగార్జున గారు పాస్టర్ సుందరం గారిని పిలిపించారు. సుందరం గారు రాహేలమ్మ కుర్చీ పక్కన నిలబడి చక్కని సందేశం ఇచ్చారు. "అమ్మా, ప్రభువు హృదయాన్ని చూస్తాడు గాని మోకాళ్లను చూడడు. కుర్చీలోని ప్రార్థనా ఆయనకు చేరును. పరుపు మీది ప్రార్థన ఇంకను త్వరగా చేరును," అన్నారు. ఆ నెలలోనే సుందరం గారి చర్చి వరండాకు కొత్త బండలు పడ్డాయి. రెండింటికీ సంబంధం కలిపే పాపిష్టి బుద్ధి మనకొద్దు.

"పండుకోని ప్రార్థన చేస్తే ఆయనకు వినపడ్తాదేమో గాని, నాకు నిద్రొస్తాది అయ్యగారూ," అంది రాహేలమ్మ. సుందరం గారు కూడా ముద్దుగా నవ్వారు.

ఇక నడకకు దారులన్నీ మూసుకుపోయాయనుకుంటుండగా పక్క మంచం గంగాదేవి ఒక దారి చూపించింది. గంగాదేవిది ఎమ్మిగనూరులో చేనేత ఇల్లు. కాపురానికొచ్చిన నాటి నుంచి గుంత మగ్గం ముందు కూర్చొని, గుంతలో కాళ్లు వేలాడదీసి, మగ్గం కింది పావళ్లు పాదాలతో తొక్కుతూ చీరలు నేసిన మనిషి. మంచం మీద పడుకున్నా ఆమె పాదాలు ఊరుకోవు. దుప్పటి కింద ఒకటి కిందికి, ఒకటి పైకి కదులుతూనే ఉంటాయి.

"నువ్వూ తొక్కుక్కా," అంది గంగాదేవి. "కుడిది అదుము, ఎడమది వదులు. ఇప్పుడు ఎడమది. నూలు నాడె అటూ ఇటూ నేను ఇసురుతాలే."

అలా ఇద్దరు ముసలమ్మలు దుప్పట్ల కింద చీర నేయడం మొదలుపెట్టారు. ఒకామె తొక్కుతుంటే ఇంకో ఆమె రంగులు చెప్పేది. "యాడి దాకా వచ్చింది?" అని రాహేలమ్మ అడిగితే, "అంచు బాగా కుదిరింది, కొంగు కాడికి వస్తాండాం" అనేది గంగాదేవి. రాహేలమ్మ పిక్కల్లోకి మళ్లీ ప్రాణం వచ్చింది. చీలమండ తిరిగింది. భుజం నొప్పి కూడా మరిచిపోయి ఇద్దరూ కిసుక్కున నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వే పట్టిచ్చింది. నిశ్చింతలో కారణం లేకుండా ఎవరూ నవ్వరు గనుక ప్రణీత వచ్చి చూసింది. రెండు దుప్పట్ల కింద నాలుగు కాళ్లు ఆడుతున్నాయి.

"అయ్యో బంగారాలూ, వణుకు!" అంది.

నిలయం డాక్టరుకు ఫోన్ చేసింది. ఫోన్లోనే ఇద్దరికీ వణుకు నయమయ్యే మాత్ర చెప్పాడు. గంగాదేవి అమాయకంగా మింగింది. మర్నాటికి కళ్లు మూతలు పడ్డాయి, మాట ముద్దైంది. ఆ వారంలోనే, కట్నాలకు పెట్టిన చీరలెన్నో నేసిన ఆ పాదాలు ఆగిపోయాయి. నిలయంలో 'ప్రశాంతత' అనే అంశం కింద మార్కులు మాత్రం పెరిగాయి. ఫిర్యాదు చేయడానికి మెలకువగా ఉన్నవాళ్లు తగ్గారు మరి.

"గంగమ్మా, కొంగు మిగిలిపోయింది లేవే," అని రాహేలమ్మ ఎన్నిసార్లు పిలిచినా మత్తులో మునిగిన గంగాదేవి కళ్లు తెరవలేదు. రాహేలమ్మకు మొదట ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. కోపమే ఎక్కువ పనికొచ్చింది. తన మాత్రను నాలుక కింద పెట్టుకొని, అందరూ పోయాక కిటికీలోని క్రోటన్ కుండీలో ఊసేది. క్రోటన్ మొక్క చాలా ప్రశాంతంగా వాడిపోయింది. రాహేలమ్మ మాత్రం ఒంటరిగానే రెండు పాదాలతో మగ్గం ఆడించింది, ఈసారి నవ్వకుండా.

క్రిస్మస్ వెళ్లాక పల్లె నుంచి పక్కింటి లక్ష్మన్న ఫోన్ చేశాడు. శివలీల తన ఫోన్ ఆమె చెవికి ఆనించింది.

"పెద్దమ్మా, మేం బస్సెక్కాల. పిల్లోళ్లను యాడ వదిలేది? నువ్వు వస్తాండావా లేదా?"

"వస్తాండా లక్ష్మన్నా. నాలుగడుగులు బాకీ ఉండా ఈడ. అది తీర్చి వస్తాండా," అంది.

ఆ బాకీ తీర్చే అవకాశం నెలాఖరులో డాక్టరు రూపంలో వచ్చింది. నివాసి ఇంటికి పోవాలా, శాశ్వతంగా ఉండాలా అని తేల్చేది ఆయనే. రాహేలమ్మ ఒళ్లు బిగబట్టుకొని, లేవడానికి సిద్ధంగా కూర్చుంది. ఆయన ఆమె వైపు చూడకుండా ప్రణీతను అడిగాడు.

"ఈమె నడుస్తుందా?"

"నడవనివ్వం సార్."

"అంటే నడవలేదు," అని డాక్టరు తర్వాతి మంచానికి పోయాడు.

"సారూ, ఒక్కసారి పట్టీ ఇప్పి చూడప్పా!" అని రాహేలమ్మ అరిచింది. ఆందోళన కూడా ఉందని ఇంకో మాత్ర చేర్చారు. దీవెనకు కబురు వెళ్లింది: నడక రాలేదు, శాశ్వత నివాసిగా చేర్చుకోవచ్చు. వచ్చే ఆదివారం సభకు వచ్చినప్పుడు మిగతా పనులు పూర్తి చేసుకుందామన్నారు. ఆ మిగతా పనుల్లో పల్లెలోని ఇంటిని ఎవరికైనా అద్దెకివ్వడం కూడా ఉందని దీవెన ఏడుస్తూనే ఫోన్లో చెప్పింది.

సభ అంటే మామూలు సభ కాదు. 'సీమ వృద్ధ సంరక్షణ నాణ్యతా మండలి' అనే సంస్థ నిశ్చింతకు 'భద్రతా శిఖరం' అనే పురస్కారం ప్రకటించింది. హాల్లో పూలు కట్టారు. నేలకు మరోసారి పాలిష్ పట్టారు. ఒకవైపు నివాసులను కుర్చీలతో సహా వరుసలు పేర్చారు. ఎదురుగా కుటుంబ సభ్యులు. మధ్యలో ఖాళీ బండలు అద్దంలా మెరుస్తున్నాయి.

మండలి అధ్యక్షుడు మైకు అందుకున్నారు. "లోకమంతా వృద్ధులను తమ కాళ్ల మీద తాము నిలబెట్టాలని తాపత్రయపడుతున్న ఈ రోజుల్లో, వారిని సగౌరవంగా కూర్చోబెట్టిన మహనీయుడు నాగార్జున గారు!" అన్నారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టలేనివాళ్ల చేతులు ఆయాలు కొట్టించారు. తర్వాత నాగార్జున గారు లేచారు. "మనిషి పుట్టినప్పుడు నడవలేడు. పోయేటప్పుడూ నడవలేడు. మధ్యలో నడక అనేది ఒక తాత్కాలిక ఇబ్బంది. ఆ ఇబ్బందిని తొలగించడమే నిశ్చింత ధ్యేయం!" అన్నారు. తహసీల్దారు గారి కొడుకు కళ్లు తుడుచుకున్నాడు.

అదే సమయంలో చివరి వరుసలో రాహేలమ్మ మేజోళ్లు ఊడదీస్తోంది. ఆ పొద్దున శివలీల బకెల్ వేసినట్టు చప్పుడు చేసింది గానీ వేయలేదు. అలసట వల్లో, అభిమానం వల్లో ఆమెకే తెలియాలి.

రాహేలమ్మ లేచింది. ముందు కుర్చీల పిడులు పట్టుకుంటూ వచ్చింది. వరుస అయిపోయాక పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. ఎదురుగా మెరిసే బండ, దాని ఆవల కూతురు. వట్టి పాదం మోపింది. చల్లగా తగిలింది. కుడిది అదిమింది, ఎడమది వదిలింది. ఎడమది అదిమింది. ఖాదర్ సాబ్ "యా అల్లా" అని కుర్చీ పిడి గట్టిగా పట్టుకున్నాడు. నాలుగడుగులు ఎప్పుడో దాటిపోయాయి. నడుస్తున్న నివాసిని చూసి చాలా కాలమైనందువల్ల సిబ్బందిలో ఎవరికీ వెంటనే ఏం చేయాలో తోచలేదు.

దీవెన లేచి నిలబడి నోరు తెరుచుకొని చూస్తోంది. రాహేలమ్మ వచ్చి కూతురి చెంప మీద చెయ్యి వేసింది.

"లెక్క పెట్టుకున్నావా పాపా?" అంది.

అంత సంతోషం వచ్చినప్పుడు ఆమెకు తెలిసిన పని ఒక్కటే. అక్కడికక్కడే మోకాళ్ల మీద కూర్చొని, నుదురు బండకు ఆనించి, "స్తోత్రం తండ్రీ, ఆమేన్" అంది.

"పడింది!"

హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. ప్రణీత అరిచింది, నాగార్జున గారు అరిచారు, సుందరం గారు కూడా అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది దీవెన. అమ్మ వేసిన ప్రతి అడుగూ కళ్లారా చూసిన మనిషి, అమ్మ మోకరిల్లడం చిన్నప్పటి నుంచి రోజూ చూసిన మనిషి, "మా అమ్మ పడిపోయింది, ఎత్తండి" అని కేకలు పెట్టింది. ఈసారి ఆమేన్ కూడా అయిపోయింది. ఎవరూ సమయానికి అందుకోలేకపోయారు.

అధ్యక్షుడు చేతిలోని షీల్డు వెనక్కి తీసుకున్నారు. నేలను చేరితే పడినట్టే అని మీ నిబంధనే గదా అన్నారు. ప్రణీత ముఖం వాడిపోయింది. అప్పుడు చూడాలి నాగార్జున గారి సమయస్ఫూర్తి!

"అయ్యా, తొందరపడకండి. ఈమె నడిచింది. తమరే చూశారు. నడవగలిగినవాళ్లకు మా నిలయంలో చోటు లేదు. కాబట్టి నడిచిన ఆ క్షణానే ఈమె డిశ్చార్జ్ అయిపోయింది. మోకాళ్లు నేలను తాకే వేళకు ఈమె మా నివాసి కాదు, సభకు వచ్చిన బయటి మనిషి. బయటివాళ్లు పడటం వాళ్ల సొంత విషయం."

సభ కరతాళ ధ్వనులతో మార్మోగింది. షీల్డు మళ్లీ ముందుకొచ్చింది. రాహేలమ్మను లేపి నిలబెట్టి, ఆఫీసు తాళం తీసి ఆమె చెప్పులు తెప్పించారు. ఆ గది నుంచి బయటికొచ్చిన మొదటి జత అదే. రాహేలమ్మ వాటి దుమ్ము దులుపుకొని తొడుక్కుంది. బస్టాండుకు ఏ ఆటో పోతుందని శివలీలను అడిగింది. సాయంత్రానికి ఊళ్లో ఉంటానని, లక్ష్మన్నకు ఫోన్ చేయమని చెప్పింది.

"ఇదేంది సార్!" అంది దీవెన. "ఇప్పుడే పడిన మనిషిని డిశ్చార్జ్ ఎట్ల చేస్తారు? మళ్లీ చేర్చుకోండి."

"పాపా, నేను పడలే," అంది రాహేలమ్మ. "ప్రార్థన చేసుకున్నా. నడిచినా కదా, నువ్వు చూసినావు కదా?"

"చూసినా మా." దీవెన వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నువ్వు నడుస్తావనే నాకు భయం. నడిచే మనిషి యాడన్నా పడొచ్చు."

ఈ మాటకు సభలో చాలామంది తలలూపారు. ఇలాంటి బిడ్డను కన్న తల్లి ధన్యురాలని అధ్యక్షుడు మైకులోనే అన్నారు. షీల్డు అందుకొని ఫోటో దిగాక, పడిన మనిషి నడవగలిగినట్టు కాదని తేల్చి, రాహేలమ్మను కొత్త నివాసిగా చేర్చుకున్నారు. ఆయాలకు సరిగా రావడం లేదని ఆప్యాయత పట్టీ బకెల్ దీవెనే తన చేత్తో బిగించింది. బిగించి, అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టింది. చెప్పులు విప్పమంటే మాత్రం రాహేలమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. ఇద్దరు ఆయాలు పట్టుకోవలసి వచ్చింది.

నిశ్చింతలో ఇప్పుడు మంచం దొరకడం కష్టం. కడపలో రెండో శాఖ తెరుస్తున్నారు. బండలు అప్పుడే దిగాయి. మీకిది చదివి బాధ కలిగి ఉంటుంది. ప్రణీతను తిట్టుకొని ఉంటారు, దీవెనను ఇంకా ఎక్కువ తిట్టుకొని ఉంటారు. మీరు మంచివాళ్లు. మీ ఇంట్లో పట్టీలూ బకెళ్లూ లేవు. "ఎందుకు లేస్తావు, ఏం కావాలో చెప్తే నేను తేనా, కూర్చో" అనే గొంతు ఒక్కటుంది, అది చాలు. అదిగో, లోపలి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. పోయి కూర్చోబెట్టి రండి.